పచ్చి కుట్లమీది కోటు

మందుల దుకాణానికీ, తాళాలు బాగుచేసే ఇరుకు గదికీ నడుమ మగవారి కోట్లు కుట్టే అంగడి ఒకటి ఉన్నది. దాని యజమానిని ఆ వీధివారందరూ మాస్టారు అనే పిలుస్తారు. ఆయనకు అరవై దాటినవి. కత్తెర పట్టిన చేయి ఇంకా వణకదు. చూపు మాత్రం సూదిబెజ్జం దగ్గర కాస్త తడబడుతుంది. మెడచుట్టూ టేపు, చెవిమీద సుద్దముక్క లేకుండా ఆయనను చూసినవారు తక్కువ. ఒకసారి ఎవరో పోయిన ఇంటికి పరామర్శకు వెళుతూ మెడలోని టేపు తీయడం మరచిపోయాడనీ, పోయినవారికి కూడా కొలతలు తీస్తాడేమోనని ఆ యింటివారు బెదిరిపోయారనీ వీధిలో ఒక వేడుక కథ ఉన్నది. అది నిజమేనని ఆయనే ఒప్పుకొంటాడు.

ఆయన విద్య నేర్చినది ఒక ముసలి దర్జీ దగ్గర. ఆ గురువుకు రెండు నియమాలుండేవి. మొదటిది, కొలత తీసేటప్పుడు మనిషి ముఖం చూడరాదు. చూస్తే అతడు ఊపిరి బిగపడతాడు, ఛాతీ అబద్ధమాడుతుంది. రెండవది, కొలత తీసినాక, కోటు పచ్చి కుట్లు పడి ట్రయల్‌కు సిద్ధమయ్యేదాకా గిరాకీతో మాట కలపరాదు. పచ్చి కుట్లంటే తాత్కాలికంగా వేసే పొడవాటి తెల్లదారపు కుట్లు. ఒకసారి ఒంటిమీద వేసి చూసి, తప్పొప్పులు దిద్దిన పిమ్మట వాటిని లాగివేసి అసలు కుట్టు వేస్తారు. "ముందు గుడ్డ కొయ్యరా, కోతలు తర్వాత కోద్దువుగాని" అని ఆ గురువు మందలించేవాడు. చేతిలో చూపించడానికి ఏమీ లేకుండా కబుర్లు చెప్పే దర్జీని ఆయన దొంగతో సమానంగా చూసేవాడు.

మొదటి నియమం మాస్టారికి వృత్తిని మించిన ఆసరా అయింది. మగవారి భుజాలు, మెడలు, మణికట్లు పొద్దస్తమానం చేతికింద మెలగుతుండగా, ముఖమెత్తి చూడకపోవడమే మర్యాద అని లోకమంతా ఒప్పుకొన్న పని ఆయనకు దొరికింది. తన మనసు ఎటు మొగ్గుతుందో ఆయనకు యౌవనంలోనే తెలుసు. తెలిసినదానిని మడతపెట్టి అడుగున దాచివేశాడు. పెళ్ళి చేసుకొన్నాడు, కూతురిని పెంచాడు, ఆ పిల్లకు పెళ్ళీ చేశాడు. భార్యతో ఏనాడూ పెడసరంగా మాట్లాడినవాడు కాడు. ఇల్లు అంగడిమీదనే. పొద్దున ఆయన షట్టరు ఎత్తిన చప్పుడు వినగానే ఆమె పైన టీ గిన్నె పొయ్యిమీద పెట్టేది. చప్పుడు ఆలస్యమైతే మెట్లమీదికి వచ్చి, "ఏం, ఈవేళ తెరవరా?" అని అడిగేది. ఆ సంసారంలో ఉన్న ప్రేమకు అదే ఆకారం. అది తక్కువదని ఎవరూ అనలేరు.

కూతురు అత్తవారింటికి వెళ్ళిన తరువాత, ఆ ఇంట్లో ఇద్దరే మిగిలినాక, మాస్టారు ఒకనాడు భోజనం దగ్గర భార్యకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎందుకు అప్పుడే చెప్పాడని తరువాత ఎందరో అడిగారు. మడతలో ఎక్కువకాలం ఉన్న గుడ్డ మడత దగ్గరనే చిరుగుతుందని మాత్రం ఆయన జవాబిచ్చేవాడు. భార్య ఏడవలేదు, అరవలేదు. కంచాలు తీసి, కడిగి, తుడిచి, వచ్చి ఎదురుగా కూర్చున్నది.

"ఇన్నేళ్ళూ నా బట్టలెక్కడ బిగుతో నాకంటే ముందు మీకే తెలిసేది," అన్నది. "మీకెక్కడ బిగుతో ఒక్కసారీ చెప్పలేదు."

ఆమె తమ్ముడు బస్సు డ్రైవరు. అక్కను తీసుకుపోవడానికి వచ్చి, పెట్టెలు మోసి, గుమ్మం దగ్గర నిలబడి, "వెళ్ళొస్తాం, మాస్టారూ" అన్నాడు. అంతకుముందు ఆ నోట బావా అన్న పిలుపు తప్ప వేరొకటి రాలేదు. బావను ఆటపట్టించనిదే అన్నం సహించని మనిషి. తిట్టినా బాగుండుననుకొన్నాడు మాస్టారు. వరుస తెగిన పిలుపు తిట్టుకంటె లోతుగా దిగింది.

ఆ తరువాత ఆయన షట్టరు ఎత్తిన చప్పుడుకు ఎక్కడా గిన్నె కదలలేదు. తొందరగా తెరిచినా, ఆలస్యంగా తెరిచినా, అసలు తెరవకపోయినా అడిగేవారు లేరు. మందుల దుకాణం అతను మర్యాదస్తుడే, నమస్కారం పెట్టేవాడు. కాని ఆ వార్త పొక్కినాక అతని నమస్కారంలో ఒక తొందర చేరింది. మాస్టారికి కావలసినది యౌవనంలోని తాపం కాదు. తను ఉన్నాడో లేడో గమనించే మనిషి ఒక్కడు కావాలి. ఆ మనిషి మగవాడు కావాలి. ఈ రెండు కోరికలనూ కలిపి ఎవరితో ఏ మాటల్లో చెప్పుకోవాలో ఆయనకు తెలియదు.

ఆ మాటలు నేర్పినది కూతురే. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర రోగులకు వరసలు కేటాయించే ఉద్యోగం చేస్తుంది. తండ్రిమీద చాలాకాలం అలిగింది. అలక తీరిందని చెప్పకుండానే ఒక సెలవురోజున వచ్చి, ఆయన ఫోను లాక్కొని, మగవారు మగవారిని వెతుక్కొనే యాప్ ఒకటి అందులో పెట్టింది. గోడకేసి చూస్తూ కూర్చోవడంకంటె ఇది నయమని అన్నది. ఆపైన రెండు మూడు సెలవురోజులు వారిద్దరి మధ్య విచిత్రమైన పాఠశాల నడిచింది. కూతురు గురువు, తండ్రి శిష్యుడు.

అక్కడి భాష వేరు. మ్యాచ్ అంటే ఇరువురూ ఒకరినొకరు మెచ్చినట్టు. డిస్క్రీట్ అని రాసుకొన్నవాడు ఇంట్లో తెలియకుండా వచ్చేవాడు. అవుట్ అంటే దాపరికం లేనివాడు. అదే దాపరికానికి ఆ భాషలో బీరువా అని పేరు. బీరువాలోనుంచి ఆలస్యంగా బయటికి వచ్చినవారికి లేట్ బ్లూమర్ అని బిరుదు. ఆలస్యంగా పూసినవాడన్నమాట. మాస్టారు ఈ మాటమీద కాసేపు ఆలోచించి, పూచినదెక్కడ తల్లీ, బీరువా వాసన ఇంకా పోలేదు అన్నాడు. బేర్ అంటే ఒళ్ళూ బొచ్చూ గల భారీమనిషి అని చెప్పినప్పుడు, అలాంటివారికి చంక దగ్గర గుడ్డ ఎక్కువ వదలాలని ఆయనకు తోచింది. మరికొన్ని మాటల దగ్గర కూతురు ముఖం ఎర్రబడింది. "అవి నన్నడక్కు నాన్నా. కన్నకూతురు చెప్పే అర్థాలు కావవి," అని ఫోను బోర్లా పెట్టింది. ఇద్దరూ చాలాకాలం తరువాత కలిసి నవ్వారు.

ఆమె అన్నిటికంటె హెచ్చరించి చెప్పిన మాట ఘోస్టింగ్. కలిసి, మాట్లాడి, ఇష్టపడినట్టే ఉండి, ఒకనాటినుంచి జవాబివ్వకుండా మాయమైపోవడం. అక్కడ అది రోజూ జరిగేదేననీ, మనసుకు పట్టించుకోవద్దనీ చెప్పింది. మాస్టారు తలూపాడు గాని, ఆ మాట ఆయన గుండెలో గుండుసూదిలా నిలిచింది. అందరూ మాయమైన ఇంట్లో ఉంటున్నవాడికి ఆ మాట అర్థం చెప్పనక్కరలేదు.

తనను గురించి రాసుకోవలసిన చోట ఆయన చేసిన పని మరొకరు చేయరు. ఛాతీ కొలత, నడుము కొలత, చేతి పొడవు వరుసగా రాసి, చివర, "ఎడమ భుజం పావు అంగుళం దిగువ" అని చేర్చాడు. అది చూసి కూతురు నెత్తి కొట్టుకొన్నది. అందరూ కొండలెక్కిన ఫోటోలు పెడతారు, నువ్వేమో కోటుకు ఆర్డరిస్తున్నావా అని దెప్పింది. ఉన్న లోపం ముందే చెప్పడం ధర్మమని ఆయన దిద్దలేదు. చాలామంది చూసి దాటిపోయారు. ఒక కుర్రవాడు మాత్రం డాడీ అని సంబోధిస్తూ రాశాడు. ఆ మాటకు అక్కడ వేరే అర్థముందని తెలియని మాస్టారు అతనిని ఎవరి అబ్బాయివి నాయనా, మీ నాన్నగారు కుశలమా అని అడిగాడు. మరి జవాబు రాలేదు.

కొంతకాలానికి, లిఫ్టులు బాగుచేసే ఒకాయననుంచి ఒక్క వాక్యం వచ్చింది.

"పావు అంగుళం ఎవరూ చూడరు కదండీ. ఎందుకు చెప్పారు?"

"నేను చూస్తాను," అని మాస్టారు రాశాడు.

అట్లా మొదలైంది. ఆ లిఫ్టాయన పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగ విరమణకు దగ్గరపడినాక అక్కగారికి మాత్రం సంగతి చెప్పుకొన్నాడు. ఆమె, "అంతేనా, ఇంకా ఏదో జబ్బనుకొని హడలిపోయాను" అని పప్పు కలుపుకొన్నదట. ఆయనకు కూడా ఆ యాప్ భాష సగమే తెలుసు. తెలియనిచోట ఇద్దరూ ఒకరినొకరు అడిగి, ఇద్దరికీ తెలియదని తేలినప్పుడు ఒక చిన్న ఉపశమనం పొందేవారు.

బస్సుల స్టాండు పక్కన ఉన్న టీ అంగడిలో ఒక మధ్యాహ్నం కలుసుకొన్నారు. లిఫ్టాయన పనిసంచీ కుడిభుజాన వేసుకొని వచ్చాడు. ఏళ్ళ తరబడి ఆ బరువు మోసి కుడిభుజం కిందికి జారి, పాత కోటు ఆ వైపు ముడతపడి, మోచేతుల దగ్గర నున్నగా మెరుస్తున్నది. మాస్టారు అలవాటు చొప్పున భుజాలు చూశాడు, మెడ చూశాడు, మణికట్టు చూశాడు. ఆ తరువాత, గురువు పెట్టిన నియమం దాటి, ముఖం చూశాడు. లిఫ్టాయన ఊపిరి బిగపట్టలేదు.

మాటల్లో పనుల సంగతులే ఎక్కువ నడిచినవి. లిఫ్టులో చిక్కుకొన్నవారిని బయటికి తీయడం తన ఉద్యోగంలో కష్టమైన భాగమని ఆయన చెప్పాడు.

"చిక్కుకున్నవాళ్ళు ముందు గంట కొడతారండి. తర్వాత తలుపు బాదుతారు. తర్వాత ఊరుకుంటారు. బాదేవాళ్ళంటే నాకు భయం లేదు. ఊరుకున్నాక మాత్రం పరిగెత్తుతాను."

మాస్టారు ఆ మాటను మెచ్చుకొన్నాడు గాని, తనకు పనికివచ్చే మాట అనుకోలేదు. ఆయన మనసు ఆ కుడిభుజంమీద ఉన్నది. విడిపోయేటప్పుడు లిఫ్టాయన చేయి కలిపి, ఒక క్షణం ఎక్కువసేపు ఉంచాడు. అంతే జరిగింది.

మాస్టారు ఇంటికి వచ్చి, దాచి ఉంచిన ముదురు బూడిదరంగు ఉన్నిగుడ్డను బల్లమీద పరచాడు. కొలతలు టేపుతో తీయలేదు, కంటితో తీసినవే. ఆయన ఎవరూ అడగకుండా కోటు కత్తిరించడం అదే మొదలు. ఆ రాత్రే ఫోను మోగింది. "ఇల్లు చేరాను. మీరు?" అని ఉన్నది. మాస్టారు చదివి, లోపల వెచ్చబడి, ఫోను పక్కన పెట్టాడు. కొలత అయింది, ట్రయల్ కాలేదు. నడుమ మాట కలపరాదు. చేతిలో కోటుతోనే మాట్లాడాలి.

తొందరపడి కుట్టే గుడ్డ కాదది. జారిన కుడిభుజం జారినట్టు కనిపించకుండా లోపల మెత్త సర్ది, విప్పి, మళ్ళీ సర్దాడు. కొన్ని రోజులకు "బాగున్నారా?" అని మరొకటి వచ్చింది. ఆయన దారం పళ్ళతో తెంపుతూ చిరునవ్వు నవ్వుకొన్నాడు. మరికొంతకాలానికి "సరే" అని వచ్చింది. నిదానించడానికి ఒప్పుకొన్నాడు, పెద్దమనిషి, అని మాస్టారు సంతోషించాడు. ఆ తరువాత ఏమీ రాలేదు. కోటు పచ్చి కుట్లు పడి హ్యాంగరుకు ఎక్కింది. గిరాకీలు తమ కోటు కోసం తామే వస్తారు. ఆయన తలుపువైపు చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. ఆ కోటు సంగతి లోకంలో తనకొక్కడికే తెలుసునన్న మాట ఆయనకు తోచనే లేదు.

చివరకు కూతురు వచ్చినప్పుడు, ఆయన మెల్లగా, నువ్వు చెప్పినదే జరిగింది తల్లీ, ఆయన మాయమైనాడు అన్నాడు. ఆమె జాలిపడి ఫోను చేతికి తీసుకొన్నది. చూసింది. పైకి జరిపి మళ్ళీ చూసింది. ఆమె ముఖంలో జాలి నిలిచే ఉన్నది గాని, అది వేరొకరిమీదికి మళ్ళింది.

"నాన్నా, ఆయన మూడుసార్లు పలకరించాడు. నువ్వొక్క జవాబూ ఇవ్వలేదు."

"కోటు కాలేదమ్మా అప్పటికి."

"ఏ కోటు? ఆయనకేం తెలుసు కోటని? మాయమైంది ఆయన కాదు నాన్నా. నువ్వు."

మాస్టారు హ్యాంగరుకున్న కోటువైపు చూశాడు. గంట, తలుపు, ఊరుకోవడం. టీ అంగడిలో విన్న మాట అప్పుడు తిరిగి వచ్చి, ఒక్కొక్క మెట్టూ దిగి, ఆయన ముందు నిలబడింది. తనమీద పడుతుందని భయపడిన దెబ్బను తానే ఒకరిని కొట్టాడు. అదీ నీతిగా, శ్రద్ధగా, నియమం తప్పకుండా కొట్టాడు.

మరునాడు అంగడి మూసి, కోటును పాత దుప్పటిలో చుట్టుకొని, టీ అంగడిలో మాటల్లో విన్న గుర్తునుబట్టి లిఫ్టాయన ఉండే భవనానికి వెళ్ళాడు. లిఫ్టు పనిచేస్తున్నా మెట్లెక్కి వెళ్ళాడు. ఎందుకో ఆ పెట్టెలో నిలబడే ధైర్యం చాలలేదు. తలుపు తెరిచిన మనిషి ఆశ్చర్యపడలేదు, సంతోషించనూ లేదు. లోపలికి రమ్మన్నాడు. గది ఇరుకైనా శుభ్రంగా ఉన్నది. గోడకు కొలత ప్రకారం మేకులు, మేకులకు పనిముట్లు, ఒక కుర్చీ. రెండవ కుర్చీ లేదు. మాస్టారికి ఆ కుర్చీ ఇచ్చి ఆయన మంచంమీద కూర్చున్నాడు.

మాస్టారు జరిగినదంతా చెప్పాడు. గురువును, నియమాన్ని, చేతిలో కోటు లేకుండా మాట్లాడరాదన్న పట్టుదలను వివరించాడు. చెబుతున్నకొద్దీ తన చెవికే అది పిచ్చివాడి వాదనలా వినిపించింది. లిఫ్టాయన విన్నాడు. కోటు తొడుక్కొని చూడమంటే లేచి తొడుక్కొన్నాడు. పనిమంతుడి పనిని కాదనలేని మనిషి. జారిన కుడిభుజం కోటులో నిటారుగా నిలిచింది. ఆయన గోడకున్న చిన్న అద్దంలో తనను చాలాసేపు చూసుకొన్నాడు. మాస్టారు వెనుకనుంచి ఒక గుండుసూది గుచ్చి, మరొకటి గుచ్చబోయి, ఆ భుజం సన్నగా కంపించడం వేళ్ళకు తెలిసి ఆగిపోయాడు.

"కోపం లేదండి," అన్నాడు లిఫ్టాయన అద్దంలోకే చూస్తూ. "కానీ లోపల ఊరుకున్నాక తలుపు తెరిచామనుకోండి. ఆ మనిషి బయటికొచ్చి నాతో కబుర్లు చెప్పడు. నోరెత్తకుండా మెట్లమీదుగా వెళ్ళిపోతాడు. మళ్ళీ లిఫ్టెక్కడానికి వాడికి చాలాకాలం పడుతుంది. కొంతమంది ఎక్కనే ఎక్కరు."

"మీరు?"

"తెలీదు."

కోటు విప్పి జాగ్రత్తగా దుప్పటిలో చుట్టి ఇచ్చాడు. అసలు కుట్టు వేయమంటారా అని మాస్టారు అడిగితే, ఇప్పుడే వద్దన్నాడు. అలాగని కోటు వద్దనీ అనలేదు. మెట్లదాకా వచ్చి సాగనంపాడు.

ఆ దినంనుంచి మాస్టారు ఒక పని అలవాటు చేసుకొన్నాడు. పొద్దున షట్టరు ఎత్తగానే, టేపు మెడలో వేసుకోకముందే, ఫోను తీసి "అంగడి తెరిచాను" అని రాసి పంపేవాడు. మరొక మాట కలిపేవాడు కాడు. అది పలకరింపూ కాదు, ప్రార్థనా కాదు. లిఫ్టాయన దానిని చదివినట్టు ఫోనులో గుర్తు పడేది. జవాబు వచ్చేది కాదు. కూతురు చూసి, దీనికి ఆ యాప్ భాషలో ఏం పేరుందో నాకు తెలీదన్నది. బూడిదరంగు కోటు పచ్చి కుట్లతోనే వేలాడుతున్నది. కొత్త గిరాకీలు ఇది ఎవరిదని అడిగితే, ఇంకా తేలలేదని మాస్టారు చెప్పేవాడు. వానలు వచ్చి వెళ్ళినవి. కోటుమీది ధూళిని ఆయన వారానికొకసారి బ్రష్షుతో దులిపేవాడు. పైన ఇంట్లో రెండవ కప్పు బోర్లించినది బోర్లించినట్టే ఉండేది.

చలి ముదిరినప్పుడు ఆయనకు జ్వరం తగిలింది. మొదటి రెండు రోజులూ లేని ఓపిక తెచ్చుకొని దిగి తెరిచాడు. మూడవనాడు మంచం దిగితే కాళ్ళు నిలవలేదు. కూతురికి చెబితే ఉద్యోగం మానుకొని పరుగెత్తి వస్తుందని చెప్పలేదు. దుప్పటి కప్పుకొని పడుకొన్నాడు. వీధిలో మందుల దుకాణం షట్టరు లేచింది, తాళాల గది తలుపు తెరుచుకొన్నది. రెంటి నడుమ లేవవలసిన చప్పుడు లేవలేదు. ఆ లోటు ఆ వీధిలో ఎవరికీ పట్టలేదు. ఎండ కిటికీనుంచి గోడమీదికి, గోడమీదినుంచి నేలమీదికి దిగింది.

మధ్యాహ్నం కాబోతుండగా ఫోను మోగింది. మాస్టారు కళ్ళద్దాలకోసం తడుముకొని, పెట్టుకొని, చూశాడు.

"ఈవేళ తెరవలేదా?"

మాస్టారు ఆ అక్షరాలను రెండుసార్లు చదివాడు. జ్వరంగా ఉన్నదని రాయవచ్చు. అది నిజమే. కాని ఆయన పంపదలచినది రోజూ పంపే ఆ రెండు మాటలే. జవాబు ఆలస్యం చేయకూడదన్నది ఆయన నేర్చుకొన్న పాఠం, తెరవని అంగడిని తెరిచానని చెప్పకూడదన్నది అంతకుముందునుంచీ ఉన్న గుణం. "ఒక్క నిమిషం ఉండండి" అని ముందు రాసి పంపాడు. లేచి, గోడ పట్టుకొని, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకొన్నానని తెలిసీ దిద్దుకోకుండా మెట్లు దిగాడు. షట్టరు రెండు చేతులతో పట్టి ఎత్తబోయాడు. సగందాకా లేచి ఆగింది. చాలుననుకొని, వంగి లోపలికి దూరి, బూడిదరంగు కోటు పక్కన కుర్చీలో కూలబడి, ఫోను తీశాడు.